ఆయన కాటా ఎక్కిన రోజు

మా ఇంట్లో ఏ తూకాన్నీ ఒక్క కాటా మీద నమ్మరు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఇదంతా చాదస్తం అనిపించేది. పత్తి కొనే వ్యాపారి తన ఎలక్ట్రానిక్ కాటా ఆటోలో వేసుకుని చిల్లకల్లు దగ్గరున్న మా పొలానికి వస్తాడు. అతను దాన్ని నేల మీద పెట్టి సరిచేయగానే మా ఆయన చెప్పులు విడిచి ముందు తానే ఎక్కి నిలబడతారు. తన బరువెంతో తనకు తెలుసు. ఆ అంకె కనిపిస్తేనే పత్తి బస్తా ఎక్కనిస్తారు. కనిపించకపోతే కాటా మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే. మిర్చి లారీకి ఎత్తితే హైవే మీద ఒక వేబ్రిడ్జిలో తూయించి, ఇంకో వేబ్రిడ్జిలో మళ్ళీ తూయించాక గానీ కదలనివ్వరు. "మా కాటాలోనే తూయాలి, బయట తూకం ఒప్పుకోం" అని ఏ మిల్లువాడైనా అన్నాడంటే ఇక ఆ మిల్లు గడప తొక్కరు. మా చుట్టుపక్కల రైతులందరిదీ కొంచెం అటూ ఇటూగా ఇదే పద్ధతి. మా ఆయనది ఒక పాలు ఎక్కువ.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా రక్తాన్ని కూడా ఆయన అలాగే తూయించారు.

నేను నందిగామలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. కాపురం జగ్గయ్యపేటలో. రెండేళ్ళ కిందట ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. విజయవాడలో ఆపరేషను, తర్వాత కీమో, ఆ తర్వాత మా వాళ్ళు "కరెంటు పెట్టడం" అనే రేడియేషను, వరసగా అన్నీ అయ్యాయి. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి రింగులు తిరిగి వచ్చింది. పిల్లలు నేను పార్లరుకు వెళ్ళి చేయించుకున్నాననుకున్నారు. నేనూ కాదనలేదు. రోజూ ఒక మాత్ర వేసుకుంటూ, మూడు నెలలకొకసారి వెళ్ళి చూపించుకుంటూ ఉండమన్నారు. నేను మళ్ళీ బస్సెక్కాను, మళ్ళీ బోర్డు ముందు నిలబడ్డాను. అయిపోయిందనుకున్నాను.

ఆ మూడు నెలల పరీక్షల్లో ఒకటి ట్యూమర్ మార్కర్ అనేది. అది రక్తంలో ఉండే ఒక పదార్థం. మా డాక్టరమ్మ దాని గురించి చెప్పిన మాటలు నాకు వరసగా గుర్తున్నాయి. జబ్బు తిరగబెడితే అది పెరగొచ్చు. పెరిగినంత మాత్రాన తిరగబెట్టినట్టు కాదు. పెరగనంత మాత్రాన తిరగబెట్టలేదనీ కాదు. నేను క్లాసులో ఒక సూత్రాన్ని ఇలా చెబితే చివరి బెంచీవాళ్ళు కూడా నవ్వుతారు.

"మరి ఈ పరీక్ష దేనికండి?" అని అడిగాను.

"కొంతమంది డాక్టర్లు అసలు రాయరమ్మా. నేను మిగతావాటితో కలిపి చూస్తా. దీన్నొక్కదాన్నే పట్టుకుని మీరు కూర్చోకండి," అన్నారు.

మొదట్లో కూర్చోలేదు. ఆ ఆసుపత్రి ల్యాబులో, అంకె ఇంతకు మించకూడదనే గీత ముప్పై దగ్గర ఉండేది. నాది ఒకసారి ఇరవై ఒకటి, ఇంకోసారి ఇరవై మూడు వచ్చింది. గీతకి కింద ఉన్నాను కాబట్టి అదేమిటో అర్థం చేసుకోవాల్సిన అవసరం నాకు కలగలేదు. ఆ తర్వాతి సారి ముప్పై నాలుగు వచ్చింది.

డాక్టరమ్మ కాగితం పక్కన పెట్టి నన్ను పరీక్ష చేశారు. ఎముకల నొప్పులున్నాయా, దగ్గుందా, ఆయాసముందా, ఆకలి తగ్గిందా అని అడిగారు. లేవన్నాను. అని పరీక్ష బల్ల దిగి వచ్చి కుర్చీలో కూర్చునేలోపే నాకు నడుము నొప్పి మొదలైంది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేం. స్కాను కూడా ఇప్పుడే అక్కర్లేదు," అన్నారు డాక్టరమ్మ. "నెలన్నర ఆగి మళ్ళీ చేద్దాం. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడే, మా ల్యాబులోనే ఇవ్వాలి. బయటెక్కడా చేయించొద్దు."

నేను తలూపాను. మా ఆయన తలూపలేదు. మెట్లు దిగేటప్పుడు ఆయన మొహం చూస్తే మిల్లు దగ్గర్నించి వెనక్కి తిరిగి వచ్చేటప్పటి మొహమే.

"విన్నావా ఆ మాట? వాళ్ళ దగ్గరే చేయించాలంట, బయట వద్దంట," అన్నారు కారు తీస్తూ.

"ఆవిడ డాక్టరండీ, మిల్లు ఓనరు కాదు."

"ఎవరైతేనేం. సరైన కాటా అయితే పక్క కాటా అంటే భయమెందుకు?"

నేను ఆయనతో వాదించలేదు. నిజం చెప్పాలంటే నాకూ ఇంకో కాటా కావాలనిపించింది. ముప్పై నాలుగు తప్పని ఎవరైనా చెబితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటోంది.

మర్నాడే స్కూలు అయ్యాక ఆయన నందిగామ వచ్చారు. బస్టాండుకి దగ్గరలో ఒక ల్యాబు ఉంది. అక్కడ రక్తం ఇచ్చాను. వాళ్ళు దాన్ని వేరే ఊరికి పంపించి రిపోర్టు తెప్పిస్తారు. రెండు రోజులకి ఫోనులో వచ్చింది. పంతొమ్మిది. నేను స్టాఫ్ రూములో ఉన్నాను. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత తొమ్మిదో తరగతికి వెళ్ళి, హోంవర్కు చేయనివాళ్ళని కూడా ఏమీ అనకుండా కూర్చోబెట్టాను. పిల్లలకి అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం మా ఆయన జిలేబీ పొట్లంతో బస్టాండులో నిలబడి ఉన్నారు.

"చెప్పానా? చెప్పానా?" అన్నారు. ఇంటికి చేరేదాకా అదే మాట.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ రెండు కాటాలు రెండు మాటలు చెబితే మా ఇంటి లెక్క ప్రకారం మూడోది అడగాలి. రెండు రోజులు గడిచేసరికి జిలేబీ తీపి దిగిపోయింది. ఏది నిజం అని ఆయన లోపల్లోపల నలుగుతున్నారని నాకు తెలుసు, నేనూ నలుగుతున్నాను కాబట్టి. ఆదివారం పొద్దున జగ్గయ్యపేటలోనే ఇంకో ల్యాబుకి వెళ్ళాం. అక్కడ నలభై ఒకటి వచ్చింది.

మూడు కాగితాలూ డైనింగు టేబులు మీద పరిచి కూర్చున్నాం. ముప్పై నాలుగు, పంతొమ్మిది, నలభై ఒకటి. గీతలు కూడా ఒక్కచోట లేవు. ఒకళ్ళు ముప్పై దగ్గర గీశారు, ఒకళ్ళు పాతిక దగ్గర, ఇంకొకళ్ళు ముప్పై అయిదు దగ్గర. పాతికేళ్ళుగా లెక్కలు చెబుతున్నదాన్ని, ఆ మూడింటినీ కూడి మూడుతో భాగించాను. చేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. ఒకటి గజాల్లో, ఒకటి మీటర్లలో, ఒకటి మూరల్లో కొలిచి సగటు తీసినవాడికి నేను సున్నా వేస్తాను. కానీ ఆ సగటు సరిగ్గా ఆసుపత్రి గీత పక్కకే వచ్చింది, దాన్ని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మా అత్తగారికి ఎనభై దాటాయి. మా దగ్గరే ఉంటారు. ఆవిడ గురించి ఒక్క మాట చెప్పాలి. నా పెళ్ళయిన నాటి నుంచి ఆవిడ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: వాడు తిన్నాడా? నేను స్కూలు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే అదే ప్రశ్న. కీమో పెట్టించుకుని వచ్చి బేసిన్ పట్టుకుని కూర్చుంటే కూడా, పాపం నా వీపు రాస్తూనే, "వాడికి ఇవాళ ఎవరు వండుతారే" అన్నారు. నేను దాన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేశాను. కొడుకు పిచ్చి కొందరికి ఉంటుంది, అదేమీ రక్తపరీక్షలో కనబడదు.

ఆ ఆదివారం ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "తగ్గిందా, పెరిగిందా?" అని అడిగారు.

"తెలీదత్తయ్యా."

"అన్ని కాగితాలు పెట్టుకుని తెలీదంటారేంటి?"

నాకు కోపం వచ్చింది, ఆవిడ అడిగింది సరైన ప్రశ్న కాబట్టి. స్కూల్లోనూ అదే వరస. "రిపోర్టు బాగానే వచ్చిందా అండి?" అని తోటి టీచర్లు అడుగుతారు. బాగా వచ్చిందంటే అబద్ధం, రాలేదంటే అదీ అబద్ధం. జబ్బు ఉన్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో మనుషులకి తెలుసు, తగ్గినవాళ్ళతో ఎలా మాట్లాడాలో తెలుసు. నాలాంటిది ఎదురొస్తే వాళ్ళకీ నాకూ కూడా మాటలుండవు. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. ఏదో ఒకటి తేలాక చెబుదామనుకున్నాం. తేలడమంటే ఏమిటో మాకే తెలియదు.

బస్సులో కూర్చుంటే నడుము నొప్పి. అది బస్సు నొప్పా, ఎముక నొప్పా? బోర్డు మీద రాస్తుంటే ఎడమ చంకలో లాగేది. అది ఆపరేషను నాటి లాగుడా, కొత్తదా? పూర్వం నా ఒంట్లో ఏదైనా నొప్పి వస్తే నేను దాన్ని తిట్టి నా పని నేను చేసుకునేదాన్ని. ఇప్పుడు ప్రతి నొప్పినీ కూర్చోబెట్టి, నువ్వెవరు, ఎక్కణ్ణుంచి వచ్చావు అని అడగడం మొదలుపెట్టాను. ఏ నొప్పీ సరిగ్గా సమాధానం చెప్పలేదు. భయమైనా పూర్తిగా వేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. అదీ లేదు. పొద్దున లేవగానే నాకేమీ లేదనిపించేది, మధ్యాహ్నం అన్నం దగ్గర అంతా అయిపోయిందనిపించేది, సాయంత్రం బస్సులో సీటు దొరికితే మళ్ళీ ఏమీ లేదనిపించేది.

అలా ఉండగా ఒకరోజు మా ఆయన పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి చొక్కా చేతులు పైకి మడిచారు. మోచేతి మడత దగ్గర గుండ్రటి చిన్న ప్లాస్టరు కనిపించింది. నాకు ఆ ప్లాస్టరు బాగా తెలుసు. రెండేళ్ళుగా నా చేతికి అది ఎన్నిసార్లు వేశారో లెక్క లేదు.

"ఏంటది?" అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు. మూకుడు కడుగుతున్నదాన్ని అలాగే వదిలేసి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"కాటా సరిచూసా," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. మూడు ల్యాబుల్లో ఎక్కువ చూపించింది జగ్గయ్యపేట ల్యాబు. ఆ కాటా మీద ఆయనకి మొదటినించీ అనుమానం. అందుకని అక్కడికి వెళ్ళి అదే పరీక్షకి తన రక్తం ఇచ్చారు.

"ఇది మీకెందుకండి, ఆడవాళ్ళకి చేసేది కదా అని ఆ కుర్చీలో కూర్చున్నాయన ఒకటే గొడవ. ఏం, మగాళ్ళ రక్తం రక్తం కాదా, డబ్బులిస్తున్నాగా, తియ్యవయ్యా అన్నా."

"ఇచ్చి ఏం చేస్తారు?"

"నాకేం లేదుగా. కాటా సరైందయితే నాది సున్నా చూపించాలి. చూపించకపోతే అది దొంగ కాటా. అయిపోయిందంతే."

పత్తి కాటా మీద చెప్పులు విడిచి ఎక్కినట్టే ఎక్కారన్నమాట. నాకు నవ్వు ఆగలేదు. చాలా రోజుల తర్వాత కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాను. కొరివితో తల గోక్కునేవాళ్ళని చూశాను గానీ, కొరివిని వెతుక్కుంటూ ల్యాబు దాకా వెళ్ళినవాళ్ళని చూడలేదన్నాను. ఆయనకి కోపం రాలేదు. నేను నవ్వడమే చాలన్నట్టు నిలబడ్డారు.

రిపోర్టు వచ్చిన రోజు ఆయన గేటు దగ్గర్నించే కాగితం ఊపుకుంటూ వచ్చారు. ముప్పై ఎనిమిది. ఆ ల్యాబువాళ్ళ గీత ముప్పై అయిదు.

"చూసావా? నాకు ముప్పై ఎనిమిది అంట. నాకు. దొంగ కాటా అని చెప్పానా లేదా?"

ఆయన సంబరం చూసి నేనూ సంబరపడ్డాను. ఆ నలభై ఒకటి అక్కడికక్కడే చెరిగిపోయినట్టయింది. కాఫీ పెడదామని వంటింట్లోకి వెళ్ళాను. పాలు పొయ్యి మీద పెట్టాను. అప్పుడు వచ్చింది ఆ ఆలోచన. కాటా దొంగది కాకపోతే?

పాలు పొంగిపోయాయి. స్టవ్వు కట్టేసి తొంగి చూశాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని కాగితం వంకే చూస్తున్నారు. ఊపడం లేదు. దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఏదో వెతుకుతున్నారు. ఆయనకీ అదే ఆలోచన వచ్చిందని నాకు తెలిసిపోయింది. పత్తి కాటా మీద ఎక్కిన మనిషికి తన బరువు ముందే తెలుసు. ఈ కాటా ఎక్కేటప్పుడు తెలియదని ఆయనకి తట్టలేదు. నాకూ తట్టలేదు, నవ్వాను.

"మీకు ఆ దగ్గు ఎన్నాళ్ళనించి?" అని అడిగాను.

"మిరపకాయల ఘాటుకి వచ్చిందే కదే."

"ఎన్నాళ్ళనించి?"

"ఏమో. కల్లంలో ఆరబోసినప్పట్నించి."

"బరువు తగ్గారా?"

"నిన్న కాటా ఎక్కా. అంతే ఉంది," అన్నారు. అని ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఇంకెప్పుడైనా అయితే నవ్వేవాళ్ళం.

అప్పట్నుంచి మా ఇల్లు మరీ గందరగోళం అయింది. ఇంతకు ముందు ఒక్కరి సంగతి తెలియదు, ఇప్పుడు ఇద్దరిది. ఆయన నా పళ్ళెం వంక చూస్తారు, నేను ఆయన పళ్ళెం వంక చూస్తాను. ఇంకో ముద్ద తినమని ఆయన, ఇంకో ముద్ద తినమని నేను. స్కూల్లో ఉండగా మధ్యలో ఫోన్ చేసి తిన్నారా అని అడిగేదాన్ని. ఒకసారి అడిగాక నాలో మా అత్తగారి గొంతు వినపడి ఉలిక్కిపడ్డాను. నా నడుము నొప్పి ఏమైందో గుర్తు లేదు. బస్సులో ఆయన దగ్గు గురించే ఆలోచించేదాన్ని. చిల్లకల్లు దాటుతుంటే రోడ్డు పక్క వేబ్రిడ్జి కనబడేది. పూర్వం దాన్ని చూసి ఆయన చాదస్తానికి నవ్వుకునేదాన్ని. ఇప్పుడు చూస్తే ఏడుపొచ్చేది.

అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు. నాకు జబ్బు వస్తేనే కొడుకు వంట గురించి అడిగిన మనిషి, ఆ కొడుకుకే అంటే తట్టుకోలేరని.

నెలన్నర కాకముందే ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. కాగితాలన్నీ ముందు పెట్టాం. మొదట ఆవిడకి మా ఆయన కాగితం ఎందుకుందో అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరు రాశారండి మీకు ఈ టెస్టు?"

"నేనే చేయించుకున్నా మేడం. కాటా... ల్యాబు కరెక్టా కాదా చూద్దామని."

"బయట చేయించొద్దని చెప్పానా?"

"చెప్పారండి. అందుకే అనుమానమొచ్చింది."

ఆవిడకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ మధ్యలో నవ్వు అడ్డం పడింది. తర్వాత ఓపిగ్గా చెప్పారు. ఆ పదార్థం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలోనూ ఉంటుంది, సున్నా ఎవరికీ రాదు. ఒక్కో ల్యాబు దాన్ని ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది, అందుకే అంకెలూ గీతలూ కలవవు. కాలేయంలో చిన్న తేడా ఉన్నా, ఒక్కోసారి ఏమీ లేకపోయినా పెరుగుతుంది. అందుకే ఊరికే ఎవరికి పడితే వాళ్ళకి ఈ పరీక్ష చేయరు.

"మూడు కాటాలని పోల్చకూడదండి. ఒకే కాటా మీద, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత అనేది చూడాలి. అందుకే ఇక్కడే ఇవ్వమన్నా," అన్నారు.

మా ఆయన తల దించుకుని, "ఆ మాట ఆ రోజే చెబితే సరిపోయేదిగదండి," అన్నారు. డాక్టరమ్మ నా వంక చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆయన గుండెలు విన్నారు, పొట్ట నొక్కి చూశారు. కడుపు స్కానింగు తీయిస్తే కాలేయంలో కొంచెం కొవ్వు పట్టిందన్నారు. దగ్గుకి ఎక్స్‌రే తీశారు, అందులో ఏమీ లేదన్నారు. "మీకు ఈ రక్తపరీక్ష అక్కర్లేదు. కానీ ఇప్పుడు మీరిద్దరూ నిద్రపోరు కాబట్టి మేడం గారికి చేసే రోజున మీకూ ఒకే ఒక్కసారి ఇక్కడ చేయిస్తా. ఆ తర్వాత మర్చిపోవాలి," అన్నారు.

"మరి నాకు?" అన్నాను. నా గొంతు చిన్నపిల్ల గొంతులా వచ్చింది, దానికి నాకు చిరాకు వేసింది.

"మీకు ఆ రోజుదాకా ఆగడమే."

ఆగాం. పరీక్షల కాలం కాబట్టి స్కూల్లో పేపర్లు దిద్దే పని ఉంది. ఒక పిల్ల లెక్క సరిగ్గా చేసి, చివర జవాబు రాయకుండా ఖాళీ వదిలేసింది. మామూలుగా అయితే సగం మార్కులు కోసేదాన్ని. ఆ రోజు పూర్తి మార్కులు వేసి, మర్నాడు మళ్ళీ మనసు మార్చుకుని ఒకటి తగ్గించాను.

రిపోర్టుల రోజున విజయవాడ వెళ్ళాం. రక్తం అంతకు ముందే ఇచ్చి వచ్చాం. కౌంటరు దగ్గర అమ్మాయి రెండు కవర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి ఇచ్చింది. వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. పక్కన తలకి స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ నిద్రపోతోంది.

నా చెయ్యి ఆయన కవరు మీదకి వెళ్ళింది. నేనేమీ అనుకోలేదు, వెళ్ళిందంతే. అంటించిన చోట చింపడం రాక మూల దగ్గర చింపాను. కాగితం మడతలు విప్పి అంకె కోసం వెతికాను. ఇరవై నాలుగు. గీత ముప్పై. నేను రెండోసారి చూశాను, పేరు ఆయనదేనా అని చూశాను, మళ్ళీ అంకె చూశాను. ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను. నా రిపోర్టు ఎంత బాగా వచ్చినప్పుడూ నేను అలా ఏడవలేదు.

కళ్ళు తుడుచుకుని పక్కకి తిరిగేసరికి ఆయన చేతిలో నా కవరు ఉంది. అప్పటికే తెరిచి ఉంది. చదివేశారు. చదివి, నా ఏడుపు అయ్యేదాకా అలా పట్టుకుని కూర్చున్నారు. తన అంకె ఎంతో అడగలేదు. ఇన్నాళ్ళూ ఈయన నా కవరు పట్టుకుని ఎలా కూర్చున్నారో, రెండో కాటా కోసం, మూడో కాటా కోసం ఎందుకు అలా తిరిగారో నాకు అప్పుడు తెలిసింది. చాదస్తం అన్న మాట నోట్లోనే ఆగిపోయింది.

"ఎంత?" అన్నాను.

"ముప్పై రెండు. తగ్గింది," అన్నారు. కాస్త ఆగి, "గీతకి పైనే ఉంది," అన్నారు.

డాక్టరమ్మ నా కాగితం, పాత కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నారు. పెరగడం లేదు, ఇప్పటికి తనకి కావలసింది అదే అన్నారు. నా ఒంట్లో ఏ లక్షణమూ కనబడటం లేదన్నారు. ఇదే ల్యాబులో మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దామన్నారు.

"అంటే లేనట్టేనాండి?" అని అడిగాను.

"ఉందనడానికి నాకు ఇవాళ ఏ ఆధారమూ లేదు."

"లేదనడానికి?"

"అది ఎవరూ రాసివ్వలేరమ్మా," అన్నారు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కానీ ఆవిడ అబద్ధం చెప్పనందుకు కొంచెం నమ్మకం కూడా కలిగింది. రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో నాకు తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు నందిగామ దాటాక, "ఇంకో ల్యాబులో చూపిద్దామా?" అని నేనే అడిగాను, ఆయన్ని ఏడిపించడానికి.

"వద్దు. ఇదే కాటా," అన్నారు. ఆయన నోట ఆ మాట నేను అదే మొదటిసారి వినడం.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలింది. మా అత్తగారు గేటు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నారు. పొద్దుటినుంచి అక్కడే ఉన్నారని పక్కింటావిడ చెప్పింది. నేను కారు దిగీ దిగగానే అడిగారు.

"ఏమన్నారే?"

ఆవిడ ఎవరి గురించి అడుగుతారో నాకు అలవాటు కదా. పైగా నా మనసులోనూ ముందున్నది అదే. ఆవిడకి ఏమీ తెలియదన్న సంగతి కూడా మరిచిపోయి, "మీ అబ్బాయికేం లేదత్తయ్యా. బాగానే ఉన్నారు," అన్నాను.

ఆవిడ నా వంక విసుగ్గా చూశారు.

"వాడి సంగతి ఎవరడిగారే? నేనడిగేది నీ సంగతి."

నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. తగ్గిందని చెప్పొచ్చు. గీతకి పైనే ఉందనీ చెప్పొచ్చు. రెండూ నిజమే. ఆయన కారు తాళం వేయడం ఆపి నా సమాధానం కోసమే చూస్తున్నారు.

"ఇంకా తెలీదత్తయ్యా," అన్నాను. "మూడు నెలలాగి మళ్ళీ చూస్తారంట."

ఆవిడ కుర్చీ చేతుల మీద బరువు మోపి మెల్లగా లేచారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఎడమ చెయ్యి, ఆపరేషను అయినవైపు. ఆ వైపు గట్టిగా పట్టుకోకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో తెలియదు, వేళ్ళు మాత్రమే పట్టుకున్నారు.

"పొద్దుట్నించి ఏమన్నా తిన్నావా?" అన్నారు.